బోర్డు వెనక వైపు

కొమ్ముల ఊట,
1957 మార్చి 20

ఒరేయ్ సిప్రియానో,

ఎలా ఉన్నావు? దగ్గు తగ్గిందా? గని దుమ్ములో పనిచేసేవాడికి దగ్గు ఎలా తగ్గుతుందిలే, అడగడం నాదే తప్పు. నువ్వు పంపిన కాఫీ పొడి అయిపోయింది. కానీ ఈ ఉత్తరం దానికోసం కాదు.

నిన్న పొద్దున ఒక జీపు వచ్చింది. పెద్ద టోపీ పెట్టుకున్న దొర ఒకడు దిగాడు. నేను పందిట్లో రొట్టెలు కాలుస్తున్నాను. నన్ను చూశాడు. చూసి కూడా, నేనేదో తుమ్మ మొద్దునైనట్టు పక్కనుంచి వెళ్ళి, మన నీళ్ళ చుట్టూ మేకులు పాతడం మొదలుపెట్టాడు. ప్రతి మేకుకీ ఒక ఎర్ర గుడ్డ పీలిక.

మిషన్ బడిలో నేర్చుకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని అడిగాను, "ఏం చేస్తున్నావయ్యా?" అని.

"ఇది ఖాళీ స్థలం అమ్మా. ఇకమీదట అడవి జంతువులకి" అన్నాడు.

"ఖాళీనా? మరి నేనెవర్ని?"

"మీరు ఏదో నాలుగు రోజులుండి పోవడానికి వచ్చారనుకుంటా."

నాలుగు రోజులట! యాభై రెండేళ్ళ కిందట పుట్టాను ఇక్కడ. ఒళ్ళు మండిపోయింది. పందిట్లోంచి ఇవతలికొచ్చి రెండు మేకులు పీకి పొయ్యిలో పెట్టాను. బాగానే మండాయి.

అమ్మ పోయి ఇవాళ్టికి నలభై రోజులు. మనిషి పోయిన ఇంట్లో మనవాళ్ళు ఉండరు కాబట్టి ఆ ఇల్లు నువ్వే విప్పావు, దూలం నువ్వే దించావు, నిప్పు నువ్వే పెట్టావు. వానలకి ముందొచ్చి ఇవతల ఒడ్డున కొత్త ఇల్లు కడతానన్నావు. అంతవరకూ పందిరి చాలులెమ్మన్నాను. ఇదంతా ఆ టోపీవాడికి చెప్పాలంటే అమ్మ పోయిన సంగతి చెప్పాలి. ఏడాది తిరక్కుండా పోయినవాళ్ళ మాట పరాయివాడి ముందు ఎలా ఎత్తేది? నోరు మూసుకున్నాను.

నువ్వు చదువుకున్నవాడివి, బూట్లు వేసుకునేవాడివి. ఆ టోపీవాడి ఆఫీసు మీ గని ఊరు అజోలోనే ఉందట. వెళ్ళి అడుగు. ఇంకోటి, రెల్లు కోత రోజులు దాటిపోతున్నాయి. ఊట నోటి దగ్గర్నుంచి నేను, కింద మడుగు వైపునుంచి నువ్వు. అది ఒక్క మనిషి పని కాదని నీకు తెలుసు. ఆదివారం బస్సెక్కు.

అక్క,
ఎవరిస్తా

*

అజో,
ఏప్రిల్ 7

అక్కకి,

నీ ఉత్తరం అందింది. కాఫీ పొడి, పంది కొవ్వు డబ్బా లియాండ్రో మామ లారీలో పంపిస్తున్నాను.

మేకుల గురించి అంత కంగారు పడకు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. కొండగొర్రెలు తగ్గిపోతున్నాయట, మన మడుగులోని గోరంత చేపలు లోకంలో ఇంకెక్కడా లేవట. వాటిని కాపాడాలని వాళ్ళ తాపత్రయం. మన నాన్న కోరుకున్నదీ అదేగా?

ఈ నెల రెల్లు కోతకి రాలేను. గనిలో షిఫ్టులు మార్చారు. ఒక్క ఏడు కొయ్యకపోతే కొంప మునిగిపోదు.

అసలు నువ్వొక్కదానివీ అక్కడెందుకు? ఇక్కడ కుళాయి తిప్పితే నీళ్ళు. ఒకసారి ఆలోచించు.

తమ్ముడు,
సిప్రియానో

*

కొమ్ముల ఊట,
మే 11

సిప్రియానో,

కుళాయి నువ్వే తిప్పుకో.

"ఒక్క ఏడు కొయ్యకపోతే" అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? రెల్లు దట్టమైతే కొండసింహం దాక్కుంటుందని కొండగొర్రె కిందికి దిగదు. ఈ మాట నీకు నడక వచ్చినప్పటినుంచీ నాన్న చెప్తూనే ఉండేవాడు. సగం కొయ్యాలి, సగం పిట్టలకి ఉంచాలి. నేనొక్కదాన్నే పైనుంచి మొదలుపెట్టాను. నడుం పడిపోయింది. పావు వంతు కూడా కాలేదు.

టోపీ దొర మళ్ళీ వచ్చాడు, ఈసారి కాగితంతో. దానికి ఒక ఫోటో అంటించి ఉంది. మన ఇంటిదే. బూడిద కుప్ప, నాలుగు మట్టి గోడ ముక్కలు, మధ్యలో కాలిన దూలం.

"చూశారా, ఇక్కడివాళ్ళు ఇల్లు వదిలేసి వెళ్ళిపోయారు" అన్నాడు.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఇల్లు మేమే తీసేశాం."

"ఉండేవాళ్ళు ఇల్లెందుకు తీసేస్తారు?"

మళ్ళీ అదే చోట నా నోరు కట్టుబడిపోయింది. పందిరి వైపు వేలు చూపించాను, "ఇదే మా ఇల్లు ఇప్పుడు" అని. నవ్వాడురా. "నాలుగు కర్రలు, కాస్త ఎండుగడ్డి. దీన్ని ఇల్లనరమ్మా" అన్నాడు. కొడవలి చేతిలోనే ఉంది. దేవుడు వాణ్ణి చల్లగా చూశాడు.

ఆ కాగితం కింద ఒక సంతకం ఉంది. నేను వంగి చూడబోతే బొటనవేలు అడ్డం పెట్టాడు. ఎవరో మనవాళ్ళే పెట్టి ఉంటారు. ఇల్లు ఎప్పుడు తీశామో తారీఖుతో సహా రాసి ఉంది. బయటివాడికి అదెలా తెలుస్తుంది? ఎవరో కనుక్కో. వాడి నోట్లో మన్ను కొడతాను.

అక్క

*

అజో,
జూన్ 2

అక్కకి,

సంతకం ఎవరు పెడితే ఏముంది? కాగితం పైకి వెళ్ళిపోయింది. గొడవ పెట్టుకుంటే నష్టపోయేది నువ్వే. వాళ్ళు మర్యాదగా చెప్తున్నప్పుడే వచ్చెయ్.

నేను గని పని మానేశాను. వేరే పని దొరికింది. దగ్గు చాలా వరకు తగ్గింది. మిగతావి కలిసినప్పుడు చెప్తాను.

సిప్రియానో

*

కొమ్ముల ఊట,
జూన్ 29

మహారాజశ్రీ సిప్రియానో గారి సముఖానికి,

అయ్యా! తమరికి ఖాకీ చొక్కా బాగా నప్పిందట. టోపీ మాత్రం కాస్త వదులుగా ఉందట. జెముడు పళ్ళు కోసుకోవడానికి వచ్చిన లియాండ్రో మామ చెప్పాడు. గెడ కింద పడేసి, నా మొహం చూడలేక నేల చూస్తూ చెప్పాడు. ఆ ఆఫీసు గుమ్మంలో తమరు నిలబడి ఉన్నారట, మామని చూసి చటుక్కున లోపలికి తప్పుకున్నారట.

నీ సంతకమేరా అది!

ఎవడో మనవాడని నేను బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. ఎవడి నోట్లోనో మన్ను కొడతానని నీకే రాశాను! చదువుకుని నవ్వుకున్నావా? అక్క ఎంత వెర్రిబాగుల్దో అనుకున్నావా? అమ్మ తల దగ్గర నువ్వూ కూర్చున్నావు. ఆవిడ కళ్ళు మూసింది నువ్వే. ఆ చేత్తోనే పెట్టావా?

నాకు జవాబు రాయకు. రాశావో, చదవకుండా పొయ్యిలో పెడతాను.

ఎవరిస్తా

*

అజో,
జూలై 14

అక్కా,

పొయ్యిలో పెట్టుకో. కానీ చదివి పెట్టు.

మార్చి మొదట్లో షిఫ్టు దిగి వస్తుంటే గని గేటు దగ్గర ఆ దొర ఆపాడు. "ఊట దగ్గరి ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా?" లేరన్నాను. "తీసేసింది ఎవరు?" నేనే అన్నాను. "ఎప్పుడు?" తారీఖు చెప్పాను. "అక్కడ మళ్ళీ ఎవరైనా ఉంటారా?" ఆ చోట ఎవరూ ఉండకూడదన్నాను. ఒక్కటైనా అబద్ధం ఉందా చెప్పు. "ఎందుకు తీసేశారు?" అని కూడా అడిగాడు. నేను మాట్లాడలేదు. నువ్వెందుకు మాట్లాడలేదో నేనూ అందుకే. అమ్మ పోయి నెల కూడా కాలేదు, గేటు దగ్గర నిలబడి ఒక టోపీవాడికి ఆవిడ సంగతి చెప్పనా? వాడు రాసుకున్నాడు. చదవడం వచ్చా అన్నాడు. వచ్చని గర్వంగా చదివాను. నేను చెప్పిన ముక్కలే ఉన్నాయి. సంతకం పెట్టాను. నీ మొదటి ఉత్తరం వచ్చేసరికి అది జరిగి రెండు వారాలు.

నీ ఉత్తరం చదివాకే తెలిసింది నేనేం చేశానో. అప్పుడే పరిగెత్తుకుంటూ వెళ్ళి కాగితం మార్పించాల్సింది. వెళ్ళాను కూడా. గుమ్మం దగ్గరే ఆ దొర భుజం మీద చెయ్యేసి, "నీలాంటివాడు మాకు కావాలి, పని ఇస్తాను" అన్నాడు. నేను వెళ్ళిన పని నోట్లోనే ఉండిపోయింది. నా తప్పు అది. సంతకం కాదు, ఆ గుమ్మం.

అయితే నువ్వూ ఒక మాట విను. ఎనిమిదేళ్ళు రాతి దుమ్ము మింగాను. దగ్గితే నెత్తురు పడేది. నీకు రాయలేదు. ఇల్లు విప్పిన రోజు నువ్వు వందడుగుల దూరంలో అటు తిరిగి నిలబడ్డావు. ఆ దూలం నేనొక్కణ్ణే భుజాన మోశాను. నాన్న చెక్కిన దూలం. కష్టమైనదేదైనా నేను చెయ్యాలి, తరవాత తిట్లు నేనే తినాలి. నీ కోపం నీకు తోడుంది. నాకు ఎవరున్నారు?

సిప్రియానో

*

తెల్లదిబ్బ,
లియాండ్రో మామ ఇల్లు,
ఆగస్టు 19

సిప్రియానో,

చిరునామా చూశావుగా. మామ వాకిట్లో ఒక మూల నాకు మంచం వేశారు.

పన్నెండో తారీఖు పొద్దున ట్రాక్టరు వచ్చింది. ముందు పందిరి. తరవాత నాన్న పాతిన అంజూర చెట్లు, వరసగా మూడూ. దానిమ్మ చెట్టు నిండా కాయలు. కోసుకోనివ్వండయ్యా అన్నాను. "టైము లేదు" అన్నాడు డ్రైవరు. కొమ్ముల కుప్ప కూడా తోసేశారు. మన తాతముత్తాతలు వేటాడిన ప్రతి కొండగొర్రె కొమ్ములూ అక్కడ పేర్చి, గాలి రేగకుండా చూడమని దండం పెట్టుకున్న కుప్ప. ఊటకి పేరిచ్చిన కుప్ప. చెత్త అనుకున్నారు. తరవాత మడుగుని యంత్రంతో తవ్వి పళ్ళెంలాగా గుండ్రం చేశారు. చుట్టూ కంచె. అమ్మ సమాధి కంచె లోపల ఉండిపోయింది.

వచ్చిన నలుగురి మొహాలూ చూశాను, నువ్వు ఉన్నావేమోనని. లేవు. సెలవు పెట్టావటగా. ఉంటే రాయి తీసి కొట్టేదాన్ని. లేవు కాబట్టి ఇంకా కోపం వచ్చింది.

నెత్తురు సంగతి ముందే రాయొద్దురా, గాడిదా? మామ భార్యని అడిగి మందాకు కట్టించి పంపుతున్నాను. మరిగించి తాగు. ఇది పంపానని నిన్ను క్షమించాననుకోకు.

ఎవరిస్తా

*

కొమ్ముల ఊట,
గేటు గది,
అక్టోబరు 30

అక్కా,

నన్ను ఇక్కడ కాపలా వేశారు. పొద్దున తాళం తియ్యడం, సాయంత్రం వెయ్యడం. చూడ్డానికి వచ్చేవాళ్ళని నీళ్ళ దగ్గరికి పోనివ్వకుండా ఆపడం.

నువ్వు అన్నట్టే అయింది. రెల్లు మనిషెత్తు దాటింది. ఊట నోరు మూసుకుపోతోంది. మడుగు ఒక జానెడు తగ్గింది, ఒడ్డునే గోరంత చేపలు తెల్లగా తేలుతున్నాయి. మొన్న కొండగొర్రెలు వచ్చాయి. ఏడు. గట్టు మీద నిలబడి కిందికి చూశాయి. రెల్లు కదిలింది, వెనక్కి తిరిగాయి. మూడు రోజులు వరసగా వచ్చి, మూడు రోజులూ దాహంతోనే పోయాయి. కంచె ఎత్తేం కాదు, దూకగలవు. భయం రెల్లుకే.

దొరకి చెప్పాను. "కొయ్యాలి సార్, సగం కొయ్యాలి, ఇది మా అక్కకి బాగా తెలుసు" అన్నాను. "ప్రకృతి తన సంగతి తను చూసుకుంటుంది, మనం ముట్టుకోకూడదు" అన్నాడు. ట్రాక్టరుతో ముట్టుకున్నప్పుడు లేదా ఆ బుద్ధి అని అడగాల్సింది. అడగలేదు. ఆ గుమ్మం దగ్గరలాగే ఇక్కడా ఉద్యోగం అడ్డొచ్చింది.

ఇంకోటి. ఒక బోర్డు వచ్చింది, దారి వైపు పాతమన్నారు. ఊట చరిత్ర అట. మొత్తం మూడు ముక్కలు: "కొమ్ముల ఊట. ఒకప్పుడు మనుషులు ఈ నీటిని వాడుకునేవారు. 1957లో వారు దీనిని విడిచి వెళ్ళగా, నేడిది అడవి జంతువుల సొంతం."

గుంట తవ్వాను. పాతడానికి చేతులు రావడం లేదు. ఇంకో వారం సాగదీస్తాను.

సిప్రియానో

*

తెల్లదిబ్బ,
నవంబరు 17

సిప్రియానో,

విడిచి వెళ్ళగా!

నాలుగుసార్లు చదివాను. మామ నా చేతిలోంచి కాగితం లాక్కున్నాడు, చింపేస్తానేమోనని. చరిత్ర కావాలా వాళ్ళకి? రాసుకోమను.

సముద్రానికి ఉప్పు కోసం నడిచి వెళ్ళేవాళ్ళు ఆగేది ఇక్కడే అని రాసుకోమను. నాన్న తాత ఊట నోటికి రాళ్ళు పేర్చాడు. బంగారం పిచ్చితో పడమరకి పోతూ నాలుకలు పిడచకట్టి పడిపోయిన తెల్లవాళ్ళ నోట్లో సొరకాయ బుర్రతో నీళ్ళు పోసింది మన ముసలమ్మ. వాళ్ళ మనవలే వీళ్ళేమో ఎవరికి తెలుసు! పొద్దు గూకినప్పటినుంచి మళ్ళీ పొడిచేదాకా ఆ నీళ్ళు జంతువులవి, మనిషి అడుగు పెట్టకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది ఏ ఆఫీసు? ఇల్లు నీళ్ళకి రెండు వందల అడుగుల దూరంలో ఎందుకు కట్టాం? కాళ్ళు నొప్పులు పుట్టాలనా? మూడేళ్ళు చుక్క రాలని కరువులో మడుగు ఒక టోపీడు నీళ్ళకి వచ్చింది. నాన్న తన ఆవులన్నీ తోలేశాడు, గొర్రెలకీ తాబేళ్ళకీ చాలవని. ఆ ఏడు మనం పాలు ఎరగం. నువ్వు చంటాడివి, నీకు గుర్తుండదు. నాకుంది.

వాళ్ళు కాపాడ్డానికి ఆ గోరంత చేపలు ఇంకా బతికి ఉన్నాయంటే ఎవరి వల్ల? గాల్లోంచి ఊడిపడ్డాయా?

పెద్ద తప్పు వాళ్ళది. కానీ మనదీ ఉంది, ఆ మాటా నేనే అంటాను. మనం నోరు మూసుకున్నాం. నువ్వు గేటు దగ్గర, నేను పందిట్లో. అమ్మకి మర్యాద చేస్తున్నామనుకున్నాం. ఆ మౌనాన్ని వాళ్ళు కాగితం మీద ఎక్కించుకున్నారు. చనిపోయినావిడ గౌరవం కోసం ఇల్లు తీశామన్న ఒక్క ముక్క ఎవరో ఒకరు చెప్పి ఉంటే, ఆ ఫోటోకి అర్థమే వేరుగా ఉండేది.

బోర్డు పాతుతావో, నీ నెత్తిన పెట్టుకుంటావో నీ ఇష్టం.

ఎవరిస్తా

*

అజో,
1958 జనవరి 12

అక్కా,

తాళంచెవి, టోపీ, చొక్కా మూడూ వాళ్ళ బల్ల మీద పెట్టేసి వచ్చాను.

ముందు నా సంతకం వెనక్కి ఇమ్మన్నాను. ఇల్లు ఎందుకు తీశామో మొత్తం చెప్పాను, అమ్మ పోయిన రోజుతో సహా. దొర మొహం ఎర్రబడింది. పాపం, నిజంగానే తెలీదు వాడికి. "అయ్యో, అప్పుడే చెప్పొద్దా" అన్నాడు. "ఇప్పుడు చెప్తున్నాగా, మార్చండి" అన్నాను. "ఫైలు మూసేశారయ్యా" అన్నాడు. "మూసింది తెరవలేరా?" అంటే కిటికీలోంచి బయటికి చూశాడు. నా గొంతు లేచింది. పక్క గదుల్లోంచి జనం వచ్చారు. జీవితంలో మొదటిసారి నీలాగా అరిచాను. బాగుంది.

కానీ అంతకు రెండు రోజుల ముందు బోర్డు పాతేశాను. తిట్టకు, పూర్తిగా చదువు. దారికి కనబడే వైపు వాళ్ళ మూడు ముక్కలు ఉన్నాయి. వెనక వైపు నీళ్ళకేసి ఉంటుంది. అక్కడికి ఎవరూ పోకూడదని వాళ్ళే రూలు పెట్టారు కాబట్టి వాళ్ళు చూడరు. ఆ వెనక వైపు తెల్ల రంగుతో నీ నవంబరు ఉత్తరం రాశాను. ఉప్పు దారి, సొరకాయ బుర్ర, కరువు, ఆవులు, అన్నీ. చోటు చాలక ఆఖరి ముక్కలు చిన్నవైపోయాయి. అడుగున ఇలా రాశాను: "మేము విడిచి వెళ్ళలేదు. మా అమ్మ సెవేరా ఇక్కడి మా ఇంట్లో చనిపోయింది కాబట్టి ఇల్లు తీసేశాం. తీసింది కొడుకు సిప్రియానో."

ఏడాది నిండకుండా పేరు రాశాను. ఇంకో నెల ఆగాల్సింది. దానికి ఏ శిక్ష పడితే అది నాకు పడనీ. మళ్ళీ నోరు మూసుకోవడం మాత్రం నావల్ల కాలేదు.

గనిలో మళ్ళీ తీసుకుంటామన్నారు. ఏం చెయ్యాలో తెలీడం లేదు.

తమ్ముడు

*

తెల్లదిబ్బ,
ఫిబ్రవరి 9

ఒరేయ్,

మొన్న మామని లారీ తియ్యమని పోరి, చూసి వచ్చాను. ముందు వైపు చదివి ఉమ్మేశాను. కంచె కింద దూరి వెనక్కి వెళ్ళాను. నీ అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. అయినా మొత్తం చదివాను, నిలబడి, రెండుసార్లు. నా మాటలు అంత పెద్దగా రాసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

కోపం పోయిందనుకోకు. వాళ్ళ మీద పోలేదు, నీ మీదా పోలేదు. అంజూర చెట్లు గుర్తొచ్చినప్పుడల్లా నీ గొంతు పిసకాలనిపిస్తుంది. చచ్చేదాకా ఉంటుందది, ఉండనీ.

నిన్నటితో ఏడాది నిండింది. ఇప్పుడు నేనూ అనొచ్చు. సెవేరా. మామ వాకిట్లో నిలబడి గట్టిగా అన్నాను. కోళ్ళు బెదిరిపోయాయి.

గనికి వెళ్ళకు. వెళ్ళావంటే నీ కాళ్ళు విరగ్గొడతాను. మామ దగ్గర లారీ పని ఉంది. ముందు ఒక పని చెయ్యి. వచ్చే ఆదివారం తెల్లారేసరికి కంచె దగ్గరికి రా. చేతి తొడుగులు, కొడవలి తెచ్చుకో. నీ దగ్గర తాళంచెవి లేకపోవడమే మంచిదయింది, దొంగతనంగా వచ్చామని అనలేరు, మనింటికి మనం కంచె కింద దూరి వచ్చామని చెప్తాను. పట్టుకుంటే పట్టుకోనీ. ఈసారి అడిగితే అన్నీ చెప్తాను, చెవులు చిల్లులు పడేలా.

రెల్లులో పిట్టల గూళ్ళున్న సగం వదిలెయ్. పొద్దు గూకేలోగా ఇద్దరం బయటికొచ్చెయ్యాలి, గట్టు మీద గొర్రెలు చూస్తూ ఉంటాయి.

నేను ఊట నోటి దగ్గర్నుంచి మొదలుపెడతాను. నువ్వు కిందనుంచి రా. మధ్యలో కలిసినప్పుడు నాతో మాట్లాడకు. కొడవలి మాత్రం ఆపకు.

అక్క